నాలుగో కాలి వాలు

కోడి నెత్తురు సెన్సర్‌లోకి దిగిందో లేదో చూసి రమ్మని నన్ను ఆ రేవుకు పంపారు. ఈ పనిలోనే నా జుట్టు నెరిసింది. తేమ పట్టిన సెన్సర్లను చూశాను, చీమలు గుడ్లు పెట్టినవి చూశాను, ఎలుకలు కొరికిన తీగలు చూశాను. నెత్తురు గురించి పిలుపు రావడం మాత్రం అదే మొదలు.

బతాంగాస్ అనే రేవు పట్టణంలో మాదొక చిన్న కంపెనీ. వంతెనలకు, గోదాముల దూలాలకు, పెద్ద యంత్రాలకు సెన్సర్లు బిగిస్తాం. ఇనుము ఎంత వంగుతోందో, ఎంత వణుకుతోందో అవి చెబుతుంటే ఆ అంకెలన్నిటినీ ఒక పెట్టె పోగు చేస్తుంది. మనుషులు చూడనప్పుడు చూడటం ఆ పెట్టె పని.

ఆ రేవు ఒక సిమెంటు ఫ్యాక్టరీ వాళ్లది. ఓడల్లోంచి బొగ్గు దించే క్రేను అక్కడ నాలుగు కాళ్ల మీద నిలబడి ఉంటుంది. ఒక్కో కాలికి అరచేతిలో పట్టేంత డబ్బా ఒకటి మేమే బిగించాం. కాలు నిట్టనిలువు నుంచి ఎటైనా వాలితే ఎంత వాలిందో అది చెబుతుంది. మూడు కాళ్ల అంకెలు పెట్టినచోటే ఉన్నాయి. సముద్రం వైపున్న నాలుగో కాలిది మాత్రం నెలనెలా కొంచెం కొంచెంగా పెరుగుతూ వస్తోంది.

అందుకు కారణం అక్కడ అందరికీ తెలుసు. క్రేను పని మొదలుపెట్టిన రోజున కూలీలు ఆ కాలి దగ్గర కోడిని కోసి నెత్తురు చల్లారు. మా వైపు కొత్త ఇల్లు కట్టినా, పడవ దింపినా, యంత్రం తెచ్చినా అది జరిగి తీరాలి. యంత్రం ఎప్పుడో ఒకప్పుడు నెత్తురు అడుగుతుందట, ముందుగానే ఇచ్చేస్తే మనుషుల జోలికి రాదట. కోడిని తెచ్చిందీ కోసిందీ క్రేను నడిపే టెమ్యో. అది గింజుకుని రెక్కలు కొట్టేసరికి నెత్తురు కాలి మీదా, దానికున్న డబ్బా మీదా కూడా చిందింది.

"రండి సర్ సాంతో, మా కోడిని చూడ్డానికొచ్చారా?" అన్నాడు ఇంజనీర్ అబ్రెనికా. రేవు బాధ్యత అతనిదే. ఇస్త్రీ మడత చెదరని చొక్కా, నవ్వు ముఖం. అతని వెనకున్న గుమాస్తాలు కూడా నవ్వారు. "అంకె పెరిగినప్పుడల్లా మావాళ్లు కోడి కూసిందంటారు. అయితే నా తలనొప్పి అది కాదు. టెమ్యో క్రేను ఎక్కనంటున్నాడు."

"ఎందుకని?"

"కాలు కుంగుతోందట! తనే పాడుచేసిన డబ్బా అంకె చూపించి తనే భయపడుతున్నాడు. మీరు డబ్బా పాడైందని ఒక్క ముక్క రాసివ్వండి చాలు. పని ఎగ్గొట్టాడని ఇంటికి పంపించేస్తా. కార్డు కూడా పోతుంది."

క్రేను నడపడానికి ప్రభుత్వం ఇచ్చే కార్డు అది. ఆ కార్డు లేకపోతే ఈ తీరం మొత్తం మీద ఏ రేవూ టెమ్యోని గేటు దాటనివ్వదు. పెళ్లికి ముందు నుంచీ అతను ఎరిగిన పని అదొక్కటే.

నేను వెళ్లేసరికి టెమ్యో నాలుగో కాలి నీడలో బోర్లించిన బకెట్టు మీద కూర్చుని ఉన్నాడు. మా ఊళ్లు పక్కపక్కనే. నాకన్నా చిన్నవాడు కాబట్టి కుయా అంటాడు, అన్నలా.

"కుయా సాంతో! నా కోడి మీద విచారణా?"

"చచ్చిన కోడి మీద విచారణేమిటి?"

"ఊరికే చావలేదు. మా ఆవిడ లోలెంగ్ అల్లం, మునగాకు వేసి పులుసు కాచింది. ఇంజనీరు రెండు గిన్నెలు తాగాడు. ఆ రోజు కోడి చాలా మంచిది."

"నిజం చెప్పు. భయమా?"

"భయమే. నీకు లేదా? పద, చూపిస్తా."

మెట్లన్నీ ఎక్కి, క్రేను నడిపే పైగదిలోకి వెళ్లేసరికి నా మోకాళ్లు పట్టేశాయి. టెమ్యో తన సీటు నాకిచ్చి తను నిలబడ్డాడు. అద్దం ముందు జపమాల ఒకటి వేలాడుతోంది.

"పని అయ్యాక ఎప్పుడూ క్రేను ముక్కు సముద్రం వైపే పెట్టి ఆపుతాను, అదే గీత మీద. మొదట్లో ఈ జపమాల సిలువ సరిగ్గా ఈ మరమేకు మీదికి వచ్చేది. ఇప్పుడు చూడు."

సిలువకూ మరమేకుకూ మధ్య ఒక పూస పట్టేంత ఎడం ఉంది.

"ఇంజనీరుకి చూపించావా?"

"చూపించా. మరియమ్మ తల్లిని మన గొడవలోకి లాగకు అన్నాడు."

కిందికి దిగి డబ్బా విప్పాను. మూత అంచున నెత్తురు మరక ఎండి గోధుమరంగులో అట్టకట్టి ఉంది. గోటితో గీకితే రాలింది. టెమ్యో నా చేతుల వంకే చూస్తున్నాడు. లోపలి రబ్బరు చుట్టు ఎక్కడా నలగలేదు, చిట్లలేదు. దాని లోపల కొత్త అగ్గిపెట్టెలా పొడిగా ఉంది. తీగల్లోంచి కరెంటు ఎక్కడైనా కారుతోందేమో మీటరు పెట్టి చూశాను. ఎక్కడా లేదు. ఆ రబ్బరు చుట్టును మా కంపెనీ పనిగదిలో ఎవరో అమ్మాయి కూర్చుని అమర్చి ఉంటుంది. తన పని ఎంత గట్టిదో ఆమెకు ఎప్పటికీ తెలియదు. అలాంటివి కనబడినప్పుడు నాకు ఆ రోజు కొంచెం తేలికవుతుంది.

అయినా అక్కడేమీ తేల్చలేదు. డబ్బాను మా గదికి తెచ్చి నల్లరాతి బల్ల మీద పెట్టాను. మందం తెలిసిన రేకు ముక్కను ఒక అంచు కింద దూర్చి చూశాను. ఎంత వాలాలో సరిగ్గా అంతే చెప్పింది. రేకు తీసేస్తే మళ్లీ మొదటికొచ్చింది. ఎన్నిసార్లు చేసినా అంతే. డబ్బాకు ఏ జబ్బూ లేదు. జబ్బు కాలికి.

టెమ్యోకి ఫోన్ చేసి చెప్పాను. వెనక నుంచి లోలెంగ్ గొంతు వినిపించింది: "ఏమంటారు? ఏమంటారు?"

"మన కోడి తప్పేం లేదంట," అన్నాడు. ఆమె పెద్దగా నవ్వింది, ఆ వెంటనే ఏడ్చింది. అతని కార్డు నిలబడినట్టే అనుకున్నాం ముగ్గురం.

డబ్బా మంచిదే, నాలుగో కాలు నిజంగానే వాలుతోంది, ఓడల పంకాలు తిరిగే నీటి ఉరవడికి పునాది కింద ఇసుక కొట్టుకుపోతూ ఉండొచ్చు, ఈతగాణ్ణి దింపి చూసేదాకా క్రేను ఆపండి అని రాసిచ్చాను. అబ్రెనికా దాన్ని చదివి నవ్వు తగ్గించి, మా యజమానురాలు మేడమ్ కార్మెలాకు ఫోన్ చేశాడు. బొగ్గు ఓడ ఒకటి అప్పటికే వచ్చి లంగరేసి ఉంది.

మేడమ్ నన్ను పిలిచింది. "సర్ సాంతో, వాళ్లు కొత్త డబ్బా పెట్టమంటున్నారు. పెట్టి, సున్నా చేసి వచ్చేయండి."

ఇక్కడ మా పని గురించి ఒక సంగతి చెప్పాలి. డబ్బా బిగించే పలక ఎప్పుడూ వెంట్రుకవాసి వంకర ఉంటుంది. అందుకని బిగించగానే 'ఇదే నీ సున్నా' అని దానికి చెబుతాం. పాతది తీసి కొత్తది పెట్టేటప్పుడు పాతదాని చివరి అంకెను కొత్తదానికి అప్పగించాలి. అలా అప్పగించకపోతే, కాలు అప్పటికే ఎంత వాలి ఉన్నా, కొత్త డబ్బా అంతా సవ్యంగా ఉందనే చెబుతుంది. అది అబద్ధమాడదు. దానికి నిన్నటి రోజు తెలియదు, అంతే.

"పాత అంకె కలపమన్నారా?" అన్నాను.

"వద్దన్నారు. అయోమయంగా ఉంటుందట."

"నా చేత్తో ఆ సున్నా పెట్టను మేడమ్."

ఆమె చెడ్డది కాదు. నా భార్య ఫెలీసా పోయినప్పుడు తొమ్మిది రోజుల ప్రార్థనలకూ వచ్చి, చివరి రోజున గిన్నెలు కూడా కడిగింది. అది నేను మరిచిపోను. ఆమె బల్ల మీది కలాన్ని అటూ ఇటూ తిప్పి, "అయితే మీరు కొన్నాళ్లు గదిలో పనే చూసుకోండి. మీ వయసుకు ఎండలో తిరగడమెందుకు," అంది. సున్నా పెట్టడానికి వేరే కుర్రవాణ్ణి పంపింది.

మర్నాడు అబ్రెనికా టెమ్యోని తన గదికి పిలిచాడట. ఇది టెమ్యో నాకు చెప్పిందే.

"తెర చూడు. నాలుగు కాళ్లకీ సున్నా. ఇక ఎక్కు."

"నిన్న ఎంతుంది సర్?"

"నిన్నటి డబ్బా వేరు."

"కాలు అదేగా? గడియారం ముల్లు వెనక్కి తిప్పితే నా వయసు తగ్గుతుందా సర్?"

"నీకు క్రేను కావాలా, వద్దా?"

"కావాలి. అందుకే బాగుచేయమంటున్నా."

ఆ పూటే అతన్ని పనిలోంచి పక్కన పెట్టారు. కార్డు సంగతి పైవాళ్లు తేలుస్తారన్నారు. అతని చోట నార్డోని వేశారు. నార్డో ముప్పై ఏళ్లవాడు, టెమ్యో దగ్గరే పని నేర్చుకున్నాడు. గేటు దగ్గర ఎదురుపడి తల వంచుకున్నాడట.

"నేనెక్కకపోతే ఇంకొకణ్ణి తెస్తారు కుయా. నాకు బిడ్డ పుట్టింది."

"ఎక్కొద్దన్లేదురా. ఒక్కటి ఒప్పుకో. అన్నం పైన తినకు. కిందికొచ్చి తిను."

"అన్ని మెట్లా? మళ్లీ ఎక్కేసరికి తిన్నదంతా అరిగిపోతుంది."

"అరగనీ. ఇంకో ముద్ద తిను. నా మీద ఒట్టెయ్."

క్రేను నడిపేవాళ్లు ఎక్కడైనా పైనే తింటారు, ఎవరూ మధ్యాహ్నం దిగరు. నార్డో దిగి తింటుంటే తోటివాళ్లు గేలిచేశారట, వీడికి ఎత్తంటే భయమని.

కాలి సంగతి ఓడ వెళ్లిపోయాక చూద్దామన్నారు. అది వెళ్లేలోపే ఇంకోటి వచ్చింది. వానల్లో, ఒక మధ్యాహ్నం, నార్డో క్యాంటీనులో ఎండుచేప ముక్క నోట పెట్టుకుంటుండగా పెద్దగా రంపం కోసినట్టు చప్పుడైందట. అందరూ బయటికి పరుగెత్తేసరికి నాలుగో కాలు రేవులోకి దిగిపోయి, క్రేను మోకరిల్లినట్టు వంగి, ముక్కు సముద్రంలో పెట్టి ఉంది. పైగది నీళ్లలో ఉంది. దాని కింద కూడా ఎవరూ లేరు. అందరూ అన్నం దగ్గరే ఉన్నారు.

ఆ మాట విన్నప్పుడు నేను గదిలో రాతి బల్ల మీద చేయి ఆనించుకుని చాలాసేపు నిలబడ్డాను. ఒక్క ప్రాణమూ పోలేదు. టెమ్యో వేయించిన ఆ ఒట్టు గురించి ఏ సెన్సరూ ఎక్కడా రాసుకోలేదు.

విచారణ ఫ్యాక్టరీ హాల్లోనే జరిగింది. పై ఆఫీసు నుంచి ముగ్గురొచ్చారు. వాళ్లలో పెద్దాయన లాయరు, అందరూ అటార్నీ అంటున్నారు. మర్యాదస్తుడు. నాకు కుర్చీ వేయించి, మంచినీళ్లు తెప్పించి మొదలుపెట్టాడు. టెమ్యో గోడ పక్కన నిలబడి ఉన్నాడు. చర్చికి వేసుకునే తెల్ల చొక్కా వేసుకొచ్చాడు.

"సర్ సాంతో, పాత డబ్బాను పరీక్షించింది మీరేనా?"

"నేనే."

"అందులోకి నెత్తురు దిగలేదు. డబ్బా సరిగ్గా పనిచేస్తోంది. అంతేనా?"

"అంతే సర్."

"అయితే అది చూపించిన అంకెలన్నీ నిజమే?"

"ప్రతి అంకే నిజమే," అన్నాను. సంతోషంగానే అన్నాను. టెమ్యో వైపు చూశాను కూడా.

అటార్నీ కాగితం తిప్పాడు. "అంటే ఆ నెలలన్నీ కాలు వాలుతూనే వచ్చింది. ఆ నెలల్లో క్రేను నడిపిందెవరు?"

నాకప్పటికి అర్థమైంది.

"డిమాకులాంగన్, ఆర్టెమ్యో," అని టెమ్యో పూర్తి పేరు తనే చదివాడు. "కొత్త డబ్బా పెట్టాక, అంటే నార్డో నడిపిన వారాల్లో, అంకె దాదాపు సున్నా దగ్గరే ఉంది. కాలు పాడైంది ఎవరి చేతుల్లోనో అంకెలే చెబుతున్నాయి కదా. బరువుతో క్రేనును జోరుగా తిప్పడం, ఉన్నట్టుండి ఆపడం. రోజూ అలా చేస్తే ఏ కాలు నిలుస్తుంది?"

"సర్, కొత్తదానికి సున్నా పెట్టారు. పాత అంకె దానికి తెలియదు. అదీకాక ఆ పెట్టె క్రేను మోటారు తిరుగుతున్నప్పుడే అంకెలు రాసుకుంటుంది, చోటు వృథా కాకూడదని అలా పెట్టమన్నారు. మిగతా వేళల్లో కళ్లు మూసుకుంటుంది. అందుకని పెరిగిందంతా టెమ్యో పని చేస్తుండగా పెరిగినట్టే కనబడుతుంది."

"కనబడటం కాదు, రాసి ఉంది."

"అయితే గుడ్ ఫ్రైడే చూడండి. ముందురోజు పొద్దున్నే క్రేనుకు తాళం వేశారు, ఈస్టర్ అయ్యాకే తీశారు. ఆ నాలుగు రోజులూ దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. తాళం వేసేముందు చివరి అంకె చూడండి, తీశాక మొదటి అంకె చూడండి. పెరిగింది. ఎవరూ నడపని క్రేను ఎలా వాలింది సర్?"

హాల్లో కొంచెం కదలిక వచ్చింది. అటార్నీ అబ్రెనికా వైపు చూశాడు. అబ్రెనికా లేచాడు. నా వైపు చూడలేదు.

"ఎండ సర్. ఏప్రిల్ ఎండకు ఇనుము సాగుతుంది."

"మిగతా మూడు కాళ్లకీ ఎండ తగల్లేదా?" అన్నాను.

"నాలుగోది సముద్రం వైపుది. నీళ్ల మీంచి కొట్టే ఎండ వేరు."

అటార్నీ తలూపి రాసుకున్నాడు. అంకె అబద్ధం కావలసిన రోజున నెత్తురు దొరికింది. నిజమైన అంకె నోరు నొక్కవలసిన రోజున ఎండ దొరికింది. పునాది కింద ఈతగాణ్ణి దింపి చూడమని మళ్లీ అడిగాను. పడిన క్రేనును లాగేటప్పుడు అడుగంతా కలగాపులగమైపోయింది, ఇక చూసేదేం లేదన్నారు.

చివర్లో టెమ్యోని చెప్పుకునేదేమైనా ఉందా అని అడిగారు.

"కోడి తప్పు లేదని రాస్తారా సర్?"

ఎవరో కిసుక్కున నవ్వారు. అటార్నీ నవ్వలేదు. "అది ఇప్పటికే రాసి ఉంది," అన్నాడు నెమ్మదిగా.

కార్డు రద్దయింది. మెట్లు దిగుతూ నేను ఏదో అనబోయాను. టెమ్యో నా భుజం మీద చెయ్యేశాడు. "నువ్వు నిజమే చెప్పావు కుయా. వాళ్లు దాన్ని నా మీదికి తిప్పారు. నువ్వేం చేస్తావు?" అన్నాడు. నన్ను ఓదార్చవలసిన అవసరం అతనికేమీ లేదు. బస్సు వచ్చేదాకా నాతోనే నిలబడి, ఎండ నా ముఖం మీద పడకుండా తను అటువైపు నిలుచున్నాడు.

ఆ తరువాత రేవుల చుట్టూ కొన్నాళ్లు తిరిగాడని విన్నాను. గేటు దగ్గర కార్డు అడిగేవాళ్లు. బరువులు మోసే పనికైతే రమ్మన్నారట, నడుము సహకరించలేదు. లోలెంగ్ బడి ముందు అరటిపళ్లు వేయించి అమ్మడం మొదలుపెట్టింది. నార్డో రెండుసార్లు బియ్యం తెచ్చి గుమ్మం దగ్గర పెట్టి పిలవకుండానే వెళ్లిపోయాడు. ఫ్యాక్టరీ వాళ్లు ఇంకో క్రేను తెప్పించారు. దాని డబ్బాలకు కూడా రబ్బరు చుట్లు మా గదిలోనే అమర్చారు. దాని కాలి దగ్గర కోడిని కోయకూడదని నోటీసు అంటించారు.

మృతుల పండగ ముందు నేను ఫెలీసా సమాధి శుభ్రం చేయడానికి వెళ్లాను. ప్రతి ఏడాది ఆ రోజుల్లో శ్మశానం నిండా సున్నం వాసన, పిల్లల అరుపులు. కూలికి సమాధులకు రంగు వేసేవాళ్లు బకెట్లు పట్టుకుని తిరుగుతుంటారు. ఫెలీసా సమాధి అప్పటికే తెల్లగా మెరుస్తోంది. దాని పక్కన ఒకతను మోకాళ్ల మీద కూర్చుని పేరులోని అక్షరాలకు నల్లరంగు దిద్దుతున్నాడు. జుట్టు మీద సున్నం చుక్కలు పడి ఉంటే ముందు ఎవరో ముసలివాడనుకున్నాను.

"కుయా, నువ్వొచ్చేలోపు అయిపోగొడదామనుకున్నా," అన్నాడు టెమ్యో.

"ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరు చెప్పాలి? ఈ వరసంతా నాదే ఇప్పుడు. నన్నెవరూ కార్డు అడగరు ఇక్కడ." నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. "మీ ఆవిడకి ఊరికే వేశా. మాటాడకు."

నేను తెచ్చిన కాఫీ ఫ్లాస్కు తీశాను. ఒక్కటే మూత ఉంది. ముందు అతనికి పోసిచ్చాను. తాగుతూ సమాధి తలవైపు చూపించాడు.

"సిలువ కాస్త వాలింది. మొన్నటి వానలకి కింద మట్టి కుంగినట్టుంది. తవ్వి, రాయి పెట్టి నిలబెట్టా."

అప్పుడు చూశాను. సిలువ చెయ్యికి అతని పాత జపమాల తగిలించి ఉంది, నిటారు చూసుకోవడానికి. క్రేను పైగదిలో వేలాడిన జపమాల అదే. పనిలోంచి తీసిన రోజున తెచ్చేసుకుని ఉంటాడు. గాలి లేదు. పూసలు కదలకుండా వేలాడుతూ సిలువ గీతకు సరిగ్గా అతుక్కుని ఉన్నాయి.

"ఎంత వాలింది?" అన్నాను. అలవాటుకొద్దీ అడిగాను.

టెమ్యో కాఫీ మూత నా చేతికిచ్చి, జపమాల తీసి జేబులో వేసుకున్నాడు.

"ఎంతో చెప్పను కుయా. నువ్వెక్కడా రాసుకోకు. రేపు ఇది కూడా నేనే వంచానంటారు."

బకెట్టు తీసుకుని పక్క సమాధి దగ్గరికి వెళ్లాడు. నేను మూతలో మిగిలిన కాఫీ తాగాను. అది ఇంకా వెచ్చగానే ఉంది.